తప్పు చెప్పడం నేర్చుకున్నాను

అది శుక్రవారం, ఉదయం ఏడుంబావు. కలకత్తా భవానీపూర్‌లో మా వంటింటి బల్ల దగ్గర మావారు టీ గ్లాసు చూపించి, "చక్కెర... చెంచా... నువ్వు" అన్నారు. చక్కెర తక్కువైందని విసుగనుకుని ఇంకో చెంచా వేశాను. ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిది దాటింది. పక్షవాతం కుడిచేతికీ మాటకూ వచ్చింది. పేర్లు మిగిలాయి; వాటి చివర తగిలే ని, కు, తో, లో పోయాయి.

హౌరాలో ఒక కర్మాగారంలో జపాన్ యంత్రాల మధ్య పనిచేస్తూ ఆయన జపనీస్ నేర్చుకున్నారు. రిటైరయ్యాక ఇంట్లోనే పాఠాలు చెప్పేవారు. ఇప్పుడు అందరూ మానేశారు. పరీక్ష దగ్గరపడిన ఒక అమ్మాయి మాత్రం వచ్చేది. కార్పొరేషన్‌లో పనిచేసే తెలుగువాళ్ళ పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఒకరోజు ఆయన మంచం పక్కన కూర్చుని, అన్నం తింటాను అనబోయి "గోహన్ ని తబెమస్" అంది.

ఆయన ఎడమచేత్తో మంచం కమ్మీ మీద ఠప్పున కొట్టారు.

"ఏటి మామ్మా, సారుకి కోపమొచ్చిందేటి?"

"తప్పు చెప్పుంటావు. పుస్తకం చూడు."

చూసింది. "అయ్యో, 'గోహన్ ఓ' అనాల. అన్నాన్ని అంటాం కదాని 'ని' తగిలించేసినాను. ఆళ్ళ 'ని' అంటే మన 'కు' అట!"

తెలుగువాళ్ళంతా చేసే తప్పేనని ఆయన పూర్వం చిరాకుపడేవారు. అదే చిరాకు మళ్ళీ ఆయన కళ్ళలో చూశాను. చెప్పలేరు గాని తప్పు పట్టగలరు.

ఈ సంగతి చెబితే, ఆ దారినే మాటను పిలుస్తూ ఉండండి, రావచ్చు అన్నాడు ఆసుపత్రి డాక్టరు. అందుకని ఆయన పుస్తకాలు ముందేసుకుని నేను మొదలుపెట్టాను. తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలియాలి. రోజూ సాయంత్రం ఒక వాక్యం తప్పుగా చెప్పేదాన్ని. ఆయన కమ్మీ కొట్టేవారు. సరైనది ఆయన నోట వస్తుందేమోనని కూర్చునేదాన్ని. ఒకసారి "ఓ" అన్నారు. అంతే వచ్చింది.

"రోజూ తప్పే చెబుతావు మామ్మా. సారు నిన్ను ఫెయిల్ చేసేస్తారు," అనేది ఆ అమ్మాయి.

"చెయ్యనీవే. ముందు తిట్టమను."

ఆమె పరీక్ష ప్యాసై రావడం మానేసింది. నేను సాగించాను. మందులు, తడిసిన దుప్పట్లు, వ్యాయామం, ఆపైన ఈ పాఠం. అలసిపోయి ఒక్కోసారి ఒప్పే చెప్పేసేదాన్ని. చెయ్యి లేవకపోతే గబగబా పుస్తకం తీసేదాన్ని; నేను చెప్పింది ఒప్పేనని చూసుకున్నాక తేరుకునేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒక మంగళవారం "ఎకి ఓ ఇకిమస్" అన్నాను. స్టేషన్‌ని వెళ్తాను అన్నట్టు. చెయ్యి లేవలేదు. పుస్తకం తీసి చూశాను. తప్పే. మళ్ళీ, గట్టిగా అన్నాను. ఎవరో పలకరించడానికి వచ్చినట్టు ఆయన మర్యాదగా నవ్వి, తలూపారు.

రాసి ఉంచుతున్నాను. మొదట పోయినవి కుడిచెయ్యి, మాటల చివరలు. తర్వాత చాలా మాటలు, వాటిలో నా పేరు. ఆ మంగళవారం పోయింది, నేను చెప్పింది తప్పని ఆయనకు తెలియడం.