గ్రహణం నాడు తగ్గిన అంకె

గద్వాలలో ఒక నేతవారి ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ముందుగదిలో వాళ్ల మగ్గం, పక్కగదిలో నేనూ నా ప్లాస్టిక్ పలకా. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణం తగిలితే ఆ పలకలో కంటికి కనబడనంత చిన్న మెరుపు పుడుతుంది, దాన్ని యంత్రం లెక్కిస్తుంది. బయటి వెలుతురు చొరకుండా దానికి నల్లకాగితం చుట్టి, ప్రయోగశాలకు పంపేముందు పరీక్షించడం నా పని.

ఆ వారంలోనే సూర్యగ్రహణం వచ్చింది. ఇంటి పెద్దావిడ మగ్గం మీద గుడ్డ కప్పింది. ఏడో నెల కోడలిని కిటికీ లేని గదిలో పడుకోబెట్టి గొళ్లెం పెట్టింది. గ్రహణం విడిచేదాకా కదలకూడదు, నీళ్లు తాగకూడదు. నాకు ఒళ్లు మండింది. కిరణాలు రోజూ స్లాబును చీల్చుకుని ఆ గదిలోనూ పడుతున్నాయని, గ్రహణం కొత్తగా తెచ్చేదేమీ లేదని వాదించాను. యంత్రం అంకె మారకపోతే తలుపు తీస్తానని ఆవిడ ఒప్పుకుంది.

అరగంట ముందు నుంచే నిమిషం నిమిషం అంకెను గోడమీద సుద్దతో రాశాను. కొద్ది తేడాతో నిలకడగానే ఉంది. గ్రహణం పట్టింది. అంకె తగ్గింది. మళ్లీ తగ్గింది.

"నీ డబ్బ గూడ జడిసింది సారూ" అంది పెద్దావిడ.

మూఢనమ్మకాల మీద సభల్లో ఎందరి నోళ్లో మూయించినవాణ్ణి, పలక దగ్గరికి పరుగెత్తాను. కిటికీ వైపున్న పలక మూల మీద అనుమానంగా చెయ్యి అడ్డం పెట్టాను. అంకె ధడాలున పడిపోయింది. అక్కడ కాగితం చిరిగి ఉంది. పొద్దున్నుంచీ నా యంత్రం కిరణాలతోపాటు ఎండనూ లెక్కపెడుతోంది. తప్పు నాదేనని చెప్పేశాను.

"చీర మడతబెట్టే ముందుగాల మేం వెలుగుకు వట్టి జూస్తం. నువ్వు జూడలేదా?"

"చూడలేదమ్మా."

"మరి తలుపెట్ల తియ్యాలె?"

చెడ్డ కొలత సాక్ష్యం కాదని ఆ సభల్లో పిల్లలకు చెప్పేది నేనే. ఆవిడ చేతిలో ఉన్నది నా సూత్రమే. నల్లటేపు వేసి మళ్లీ లెక్క మొదలుపెట్టాను. అంకె నిలబడింది. కానీ గ్రహణానికి ముందటి సరైన అంకె నా దగ్గర లేదు, పోల్చడానికి. తలుపు వెనక కోడలు దగ్గుతూనే ఉంది. గొళ్లెం చేతికందేంత దూరంలోనే కూర్చున్నాను.

గ్రహణం విడిచింది. ఎండ తిరిగొచ్చినా అంకె మారలేదు. రుజువు దొరికింది, ఆవిడ ఎలాగూ గొళ్లెం తీసే వేళకు.

కోడలు గోడ పట్టుకుని వచ్చి చెంబెడు నీళ్లు గడగడా తాగింది. సుద్దరాతల వైపు, టేపు వేసిన మూల వైపు చూసింది.

"గా కాయితమేదో ముందే గట్టిగ చుట్టకపోతివి సారూ" అంది.