లాలి చెప్పిన తారీఖు

మా సుచరిత నోటికి భయపడి ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లు బాన్సువాడలో వందమందైనా ఉంటారు. నేను కృపను, దాని చిన్ననాటి స్నేహితురాలిని. దాని ఇంగ్లీషు క్లాసు పక్క గదిలోనే జాకెట్లు కుడతాను. మా రెండు గదుల మధ్య ఉన్నది ఒక్క ప్లైవుడ్ చెక్క, అందుకే దాని పాఠాలన్నీ నేనూ విన్నట్టే.

ముందు ముందు చేయబోయే పనుల గురించి మాట్లాడడం నేర్పడానికి సుచరితకు ఒక పద్ధతి ఉంది. ఫలానా రోజు ఫలానా పని చేస్తానని పిల్లలు తారీఖుతో సహా ఇంగ్లీషులో చెప్పాలి. ఆ మాటను తన ఫోన్‌లో రికార్డు చేసి, అదే తారీఖుకు సాయంత్రం అయిదింటికి అలారంగా పెట్టేది. ఆ రోజు ఎవరి గొంతు మోగితే వాళ్లు లేచి, చేశారో లేదో చెప్పాలి. చేయలేదన్నారో, ఇక తిట్లే తిట్లు.

ఆ పిల్లల్లో లాలి ఒకతి, కోటగిరి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. తల్లి గంగుబాయి నాట్లకు పోయే కూలి మనిషి. కళ్లకు పొరలు కమ్మి, చేతిలోని నారు కూడా సరిగా కనబడేది కాదు. జూన్ పన్నెండున అమ్మను కంటి దవాఖానకు తీసుకుపోతానని చెప్పింది లాలి. నాకు ముచ్చటేసింది. సుచరితకు మాత్రం ఒళ్లు మండింది.

"గిదేం ప్లానే? గా దినమే కదా హైదరాబాద్‌ల నీ నౌకరి ఇంటర్వ్యూ! గది చెప్పు. అమ్మ కండ్లు యాడికి పోతయ్? సెప్టెంబర్ నాలుగుకు పెట్టుకో."

లాలి ఇంటర్వ్యూను జూన్ పన్నెండుకు, దవాఖానను సెప్టెంబర్ నాలుగుకు పెట్టి చెప్పింది, సుచరిత రెండూ రికార్డు చేసింది. జూన్ పన్నెండు పొద్దున ఇంటర్వ్యూకని ఎక్కిన బస్సు దారిలో బోల్తా పడింది. మధ్యాహ్నానికి కబురొచ్చింది, పిల్ల ఇక లేదని. సాయంత్రం అయిదింటికి, ఈరోజు ఇంటర్వ్యూకు వెళ్తున్నానంటూ అదే పిల్ల గొంతు చెక్క అవతల మోగింది.

అప్పటి నుంచి సుచరిత ఎవరినీ తిట్టలేదు. అయిదు కావస్తుంటే చాలు, ఫోన్‌ను సొరుగులో పెట్టి, ఆ సొరుగుకు వీపు ఆనించి కూర్చునేది.

"ఆ సెప్టెంబర్‌ది తీసెయ్యరాదే! నాకు కూడా పానం పోతున్నది," అని ఒకరోజు కసిరాను.

"చెయ్యి రాదు కృపా. తీస్తే దాని నోరు మల్ల నేనే మూసినట్టు."

సెప్టెంబర్ నాలుగున లాలి గొంతు మోగుతుందని తోటి పిల్లలెవరో గంగుబాయి చెవిన వేశారు. ఏం చెబుతుందో మాత్రం చెప్పలేదు. ఆరోజు ఆమె గోడ తడుముకుంటూ మెట్లెక్కి వచ్చింది. నేను చేయి పట్టి కూర్చోబెట్టి, అక్కడే నిలబడ్డాను.

అయిదయింది. లాలి మాట్లాడింది. ఆగి ఆగి, ఇంగ్లీషులో, ఒక్క తప్పూ లేకుండా.

"ఏమంటున్నది బిడ్డా?" అంది గంగుబాయి.

సుచరిత అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"అమ్మను కండ్ల దవాఖానకు తీస్కపోత అంటున్నదమ్మా. ముందుగాల జూన్ పన్నెండు అన్నది. నేనే ఇయ్యాల్టికి మార్పిచ్చిన. మార్పియ్యకుంటే గా దినం నీతోనే దవాఖానల ఉండేది..."

గంగుబాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోన్‌కు చెవి ఆనించి, "ఇంకోపారి పెట్టు" అంది. విన్నది. మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది.

తర్వాత కొంగు నడుములో దోపుకుని లేచి, సుచరిత చేయి కోసం గాలిలో వెతికింది.

"ఇయ్యాలనే అన్నది కదా. లే, పోదాం. డాక్టరు ఉంటడా ఇప్పుడు?"