తాబేలు పురుగుకు సార్ వేయించిన రంగు

మా జువాలజీ సార్ ఒక్క పురుగును కూడా బతికుండగా చూసినవాడు కాదు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, ఆయనే గొప్పగా చెప్పుకున్న మాట. బతికిన పురుగు కదులుతుంది, కదిలేదాన్ని వర్గీకరించడం కుదరదు అనేవాడు. సూది గుచ్చి, ఎండబెట్టి, కింద చీటీ అంటిస్తేనే ఆయన దృష్టిలో అది పురుగు.

పోనీ ఆయన మాకు పరాయివాడా అంటే అదీ కాదు. మాది మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళ వాడ. నీలం నగర్‌లో మా వెనక సందులో పుట్టినవాడే. వాళ్ళ నాయన, మా నాయన ఒకే కార్ఖానాలో నూలుకు రంగులు వేశారు. కాలేజీలో ఉద్యోగం రాగానే ఇల్లు మార్చాడు, మాతో తెలుగు మానేశాడు. మేం తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు వచ్చేది. సరే, ఆయన నాలుక ఆయన ఇష్టం. కానీ మా వాడ ఆడపిల్లలం ముగ్గురం ఎదురుగా కూర్చున్నామని తెలిసి కూడా, నేతగాళ్ళ పిల్లలకు సైన్సు ఎందుకో తనకు అర్థం కాదని పాఠం మధ్యలో అనేవాడు. నేతగాడి కొడుకు నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను చెప్పేది బి.ఎస్సీ. చివరి ఏడు, ఎనభైలు ముగుస్తున్న రోజుల సంగతి. ప్రతి విద్యార్థీ ఇరవై పురుగులు పట్టి, ఎండబెట్టి పెట్టెలో పెట్టి, వాటి పేర్లు గుర్తించి, బొమ్మలు వేసి జర్నల్ తయారు చేయాలి. దాని మీద సార్ సంతకం పడితేనే పరీక్షకు రానిస్తారు. పడకపోతే ఏడాది పోయినట్టే. మా ఇంట్లో నాకు ఇంకో ఏడాది లేదు. ఈసారి తప్పితే అమ్మ పక్కన చాట పట్టుకొని బీడీలు చుట్టడమేనని నాయన ముందే తేల్చి చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఓపిక అయిపోయినవాడు. నా చదువంతా ఆ ఒక్క సంతకం మీద ఆగింది.

పంతొమ్మిది పురుగులకు పేచీ లేదు. బొద్దింకకు, చీమకు పేరు పెట్టడానికి ఏ సారూ అక్కర్లేదు. ఇరవయ్యోది తాబేలు పురుగు. కుంఠా నాకా దగ్గర మురుగుకాలువ గట్టు మీద బేషరం పొదలు ఉండేవి. మన పల్లెల్లో లొట్టపీసు అనేది దాన్నే. సెప్టెంబరులో ఆ ఆకుల మీద దొరికింది. చింతగింజంత ఉంటుంది. తల కనబడదు, కాళ్ళు కనబడవు, అన్నీ వీపు డిప్ప కింద దాగి ఉంటాయి. డిప్ప అంచు గాజులా తేట, దాని మీద తాబేలు కాళ్ళలా నాలుగు నల్ల పట్టీలు. నడిమధ్య మాత్రం బంగారం. మాటవరసకు అనడం లేదు, కంసాలి దుకాణంలో చూస్తామే, ఆ మెరుపు. దీని పిల్లపురుగు తన పెంటను తోక మీద పోగేసుకొని గొడుగులా మోస్తూ తిరుగుతుంది. మా సార్ తన గురువు ఇచ్చిన నోట్సును అలాగే మోసేవాడు.

అలాంటివి కొన్ని ఇంటికి తెచ్చి సీసాలో పెట్టి బొమ్మ వేశాను. అమ్మ తునికాకు కత్తిరిస్తూ ఒక కన్ను ఇటు వేసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ నాయన తెచ్చే నూలు ముక్కలు చూసి, ఏ రంగులో ఏది ఎక్కువైందో చెప్పేది. నేను వేసిన పసుపు చూసి, దాంట్లో కొంచెం ఆకుపచ్చ కూడా ఉంది కదా, నీకు కనబడట్లేదా అని అడిగింది. మళ్ళీ చూశాను. ఉంది. దిద్దాను.

చచ్చాక ఆ రంగు పోయింది. వారం తిరక్కుండానే ఎండి, పాత తునికాకులా తయారయ్యాయి. నేను బతికున్నప్పటి రంగే రాశాను. పురుగుల పేర్లు కనుక్కోవడానికి సార్ చెప్పి రాయించిన పట్టికలో మొదటి ప్రశ్నే రంగు. మెరుపు ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి. మెరుపు దారిలో పోతే అంచు, పట్టీలు, అన్నీ అచ్చంగా సరిపోయి ఒక జాతి పేరు తేలింది. అదే రాశాను. నా అంతట నేను ఒక ప్రాణికి పేరు కనుక్కోవడం అదే మొదలు, ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఫిబ్రవరిలో సార్ ఆ పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టాడు. పెట్టెలో ఉన్నది గోధుమరంగు, బొమ్మలో ఉన్నది బంగారం, రెండింటిలో ఏది అబద్ధం అని అడిగాడు. బతికున్నప్పుడు ఇలాగే ఉండేదన్నాను. అయితే బతికినదాన్ని తెమ్మన్నాడు. అప్పటికే మునిసిపాలిటీవాళ్ళు ఆ పొదలను మొదలంటా నరికేశారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, రోజూ స్కూటరు మీద వచ్చేది ఆ దారినే. మెరుపు లేని దారిలో తేలే పేరు రాయమన్నాడు. ఆ జాతికి పట్టీలు రెండే సార్, దీనికి నాలుగున్నాయి అని లెక్కపెట్టి చూపించాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, రెండే పట్టీలనీ, మిగతా రెండూ మా మురుగుకాలువ మురికి అనీ తేల్చేశాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. పెట్టె తెరిచి తిరగేసి చూస్తుంటే ఒక పురుగు కాలు పుటుక్కున విరిగింది. అమ్మకు ఒళ్ళు మండింది. ఎండినదాన్ని తడపకుండా ముట్టుకుంటే విరగక ఏమవుతుంది, ఇంత చదివి ఆ మాత్రం తెలియదా అని తిట్టింది. రోజూ సాయంత్రం ఆమె ఎండు తునికాకును తడిపి గోనెసంచిలో చుట్టి పెడుతుంది, తెల్లారేసరికి ఆకు మెత్తబడి కత్తెరకు లొంగుతుంది. ఆ రోజు నాకు చెప్పకుండా నా పురుగులను కూడా ఆ ఆకుల మధ్య పెట్టి చుట్టింది. పొద్దున సంగతి తెలిసి నెత్తి కొట్టుకున్నాను. గోనె విప్పితే బంగారం తిరిగొచ్చి ఉంది. ఆకుపచ్చతో సహా.

తడిగుడ్డలో చుట్టుకొని అశోక్ చౌక్ దాటి కాలేజీదాకా పరుగెత్తాను. సార్ భూతద్దం పెట్టి చూశాడు. ముఖం మాడింది. భూతద్దం పక్కన పెట్టాడు.

"రంగు పూసుకొచ్చినవా పిల్లా? మీ నాయిన చేసే పని గదే గదా."

మూడేళ్ళలో ఆయన నోట తెలుగు వినడం అదే మొదటిసారి. అచ్చం మా వాడ తెలుగు, ఎక్కడా అరగలేదు. ఎదుటి మనిషిని కించపరచడానికైతే తల్లిభాషే కావాలి కాబోలు. నేను దూదిని స్పిరిట్‌లో ముంచి డిప్ప మీద రుద్దాను. దూది తెల్లగానే ఉంది. ఆయన పురుగును అద్దుడు కాగితం మీద పెట్టి, ఫ్యాను కిందికి జరిపి, పాఠం చెప్పుకోవడానికి వెళ్ళాడు. గంట తర్వాత వచ్చేసరికి అది ఎండి మళ్ళీ గోధుమరంగుకు తిరిగింది. కచ్చా రంగు, ఎగిరిపోయింది చూడు అన్నాడు. మళ్ళీ తడిపి చూపిస్తానన్నాను. గడియారం చూసుకున్నాడు. ఇప్పుడే దిద్దితే ఇప్పుడే సంతకం, లేదంటే వచ్చే ఏడాది కలుద్దాం అన్నాడు. ఆయన కళ్ళలోకి చూశాను. ఆయనకు అంతా అర్థమైంది. పట్టీలు నాలుగేనని ఆయనకూ తెలుసు.

దిద్దాను. పేరు కొట్టేసి ఆయన చెప్పిన పేరు రాశాను, బొమ్మ మీద గోధుమరంగు పెన్సిలు రుద్దాను. ఆపైన బ్లేడు తీసుకొని రెండు పట్టీలు గీకేశాను. ఆయన గీకమనలేదు. అది నా సొంత తెలివి. చదవేస్తే ఉన్న మతి పోయిందనేది ఇలాంటిదాన్ని చూసే పుట్టి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆయన్ను తిట్టుకుంటూ వచ్చాను గానీ, ఆ బ్లేడు పట్టుకున్న చేయి నాదే.

సంతకం పడిందని చెబితే అమ్మ చాట పక్కన పెట్టి, ఏదీ చూపించు అంది. పేజీలు తిప్పించుకుంటూ ఆ బొమ్మ దగ్గర ఆపింది. చాలాసేపు చూసింది. సార్ అట్లా కాదన్నాడని చెప్పాను.

"ఆయనకు కనవడకపోతే ఆయన కండ్ల రోగం. నీ కండ్లకేమైంది బిడ్డా?"

సంతకం కావాలి కదా అని గొణిగాను. ఆమె పొగాకు అంటకుండా మణికట్టుతో జర్నల్‌ను నా వైపు తోసి, చాట ఒళ్ళోకి తీసుకుంది.

పదిహేను రోజులకు పరీక్ష వచ్చింది. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు బల్ల మీద ఐదు పురుగులు పెట్టి, పేర్లు, గుర్తులు రాయమన్నాడు. మూడోది నేను పట్టిన తాబేలు పురుగే, సార్ నా పెట్టెలోంచి తీసి పెట్టాడు. ఆ పెద్దమనిషి భూతద్దం నా చేతికిచ్చి, తొందర లేదమ్మా, నిదానంగా చూసి రాయి అన్నాడు. చూశాను. నాలుగు పట్టీలూ కనబడ్డాయి. సార్ ఆ గదిలో కూడా లేడు. రెండు అని రాశాను, సార్ చెప్పిన పేరే రాశాను. పరీక్షకుడు సార్ రాసిచ్చిన జవాబుల కాగితంతో సరిపోల్చి, అక్కడికక్కడే పూర్తి మార్కులు వేశాడు.