అమ్మ నీళ్లు పోసిన పలకలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. కట్టిన ఇంట్లో కాపురం ఉండి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అనుంటే మేం కొంచెం ముందే మేల్కొనేవాళ్లమేమో.

మా ఇల్లు తెలంగాణ వచ్చిన ఏడాది కట్టింది. నల్లగొండ జిల్లాలో మునుగోడు దాటాక వచ్చే మెట్ట ఊళ్లలో మాదొకటి. నాయినకు గొర్లు, కొంచెం చెలక. అమ్మ పుట్టిల్లు పాలమూరు దిక్కు. పెళ్లికి ముందు ఆమె తల్లిదండ్రుల వెంట దేశమంతా తిరిగి బిల్డింగుల దగ్గర కూలి చేసింది. ఎవరెవరి స్లాబులకో కంకర తట్టలు మోసిన మనిషి. సొంత స్లాబు పడే రోజు వచ్చేసరికి తన తట్ట ఎవరికీ ఇవ్వనంది. కాంక్రీటు కలిపే మిల్లరు ముందు కొబ్బరికాయ కొట్టి, మొదటి తట్ట తనే పైకి అందించింది. నాయిన యాటను కోయించాడు. పని చేసినవాళ్లంతా వాకిట్లో కూర్చుని తిన్నారు. అమ్మ అంత నవ్వగా నేను అంతకు ముందు చూడలేదు.

ఇల్లు కట్టిన సుతారి మేస్త్రీ పోతూ పోతూ ఆమెతో అన్నాడు: "వదినా, ఇగ అంత నీ చేతుల్నే ఉన్నది. స్లాబు ఎంత నీళ్లు తాగితె గంత గట్టిపడ్తది."

అమ్మ ఆ మాటను వేదవాక్కులా పట్టుకుంది. స్లాబు మీద మట్టితో మడులు కట్టి, వరిమడికి పెట్టినట్టు నీళ్లు పెట్టింది. నిచ్చెన ఎక్కి బిందెల కొద్దీ మోసింది. ఏ మడీ ఎండనియ్యలేదు. అవన్నీ బోరు నీళ్లే. మా ఊళ్లో వేరే నీళ్లు ఎక్కడున్నాయి గనక.

మా బోరు నీళ్లు చూడడానికి తేటగానే ఉంటాయి. సబ్బు రుద్దితే నురగ రాదు, కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. వాటిలో ఫ్లోరైడ్ ఉందనీ, అది ఎముకల్ని వంచి పారేస్తుందనీ మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏ వాడలో చూసినా నడుం వంగినవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. అదే నీళ్లలో ఉప్పు కూడా ఉందనీ, అది కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప చువ్వల్ని తినేస్తుందనీ మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఎముకలే వంగిపోతుంటే చువ్వల ఫికర్ ఎవరికుంటుంది?

నేను హైదరాబాదులో ఇంజనీరింగు పై చదువులో ఉండగా ఒకసారి ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం అమ్మ అన్నం పెట్టుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేచింది. పైకప్పు నుంచి పెచ్చు ఊడి సరిగ్గా ఆమె కూర్చున్న చోట పడింది. కంచం సొట్టపోయింది. పైన తుప్పు పట్టిన చువ్వ ఎర్రగా బయటికి కనిపించింది. నాయిన సుతారిని తిట్టాడు, ఇసుక తోలినవాణ్ని తిట్టాడు. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. పైకి చూస్తూ నిలబడి, "మంచిగనే నీళ్లు వోస్తి గదా" అని మాత్రం అంది.

ఆ పెచ్చే నా పరిశోధన అయింది. అందరూ పేపర్లు చదివి విషయం వెతుక్కుంటారు, నాది పళ్లెంలో పడింది. కరెంటు ప్లాంటులో మిగిలే బూడిద, మేళ్లచెరువు దిక్కు క్వారీల్లో మిగిలే సున్నపురాయి పొడి, తక్కువ సిమెంటు కలిపి, ఉప్పు లోపలికి ఇంకనియ్యని చిక్కటి కాంక్రీటు తయారు చేయాలి. మా నీళ్లతోనే కట్టినా మా అమ్మ బతికున్నంత కాలం పెచ్చు రాలని కప్పు కావాలి. నాకు కావలసిందల్లా అదే. ఏళ్ల తరబడి ఆ బూడిదలోనే బతికాను. నా తల దువ్వితే సిమెంటు రాలేది.

ల్యాబులో చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. ఫలితాలు బాగానే వచ్చాయి. కానీ నా పరిశోధన చూసే సారు ఒప్పుకోలేదు. ఉప్పు కలిపిన తొట్టిలో ముంచి తీసింది ఒకటి, మీ ఊరి ఎండలో మీ ఊరి నీళ్లు తాగింది ఇంకొకటి, రెండోది చూపిస్తేనే నీ మాట ఎవరైనా నమ్ముతారు అన్నాడు. నిజమే. అందుకని చిన్న చిన్న పలకలు పోసి, ఒక్కోదానిలో ఇనుప చువ్వలు పెట్టాను. ఉప్పు త్వరగా చేరాలని చువ్వల పైన కావాలనే పలుచటి కాంక్రీటు పొరే ఉంచాను. సగం నా మిశ్రమంతో, సగం మామూలు కాంక్రీటుతో. మామూలువాటిలో చువ్వలు తుప్పు పట్టాలి, నావాటిలో పట్టకూడదు. మొత్తం లెక్క అంతే.

పలకల్ని ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చి వాకిట్లో వరసగా పరిచాను. రోజూ పొద్దున వాటి మీద బోరు నీళ్లు పోయాలి, సాయంత్రానికి ఎండనివ్వాలి. అమ్మకు చెప్పాను. బోరు నీళ్లే పొయ్యాలె, మర్చిపోవద్దు అని రెండుసార్లు చెప్పాను. తల ఊపింది. "నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా, నీ రాళ్లు నా పానం లెక్క" అంది.

ఎదురింటామె ఊరుకోలేదు. "ఏమక్కా, మీ బిడ్డ అంత పెద్ద సదువు సదివింది రాళ్లకు నీళ్లు వోయనీకేనా?" అందట. "మీ కొడుకు సదువుకు నువ్వేం వోస్తున్నవ్ మరి?" అని అమ్మ అడిగిందట. ఆ కొడుకు ఇంటర్ తప్పి ఇంట్లోనే ఉన్నాడు.

ఆ రోజుల్లోనే అమ్మకు నడుం పట్టేయడం మొదలైంది. నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి సూటిగా చెప్పింది: ఎముకలకు ఫ్లోరైడ్ పట్టింది, పట్టిందాన్ని వదిలించలేం, ఇంకా పట్టకుండా చూసుకోవచ్చు. ఇక నుంచి బోరు నీళ్లు గుక్కెడు కూడా తాగొద్దు. నాకు అంత భయం వేయలేదు, ఎందుకంటే అప్పటికే ఊరికి నల్లా వచ్చింది. కృష్ణ నీళ్లు, తియ్యటివి. మా వాడ గడ్డ మీద ఉంటుంది, మాది చివరి ఇల్లు. రోజు విడిచి రోజు వచ్చే ఆ నీళ్లు మా దాకా వచ్చేసరికి దారం లాగా ఉంటాయి. అయినా రెండు బిందెలు నిండుతాయి. అమ్మా నాయినా ఇద్దరికీ తాగడానికి చాలు. దేవుడు ఇంతకాలానికి కళ్లు తెరిచాడనుకున్నాను.

రెండు వానాకాలాలు పోయాయి. నేను ఎప్పుడు వచ్చినా పలకలు తడిగా ఉండేవి, చుట్టూ ఊడ్చి ఉండేది. మీద తెల్లటి ఉప్పు పూత కనిపించకపోతే, అమ్మ శుభ్రం కొద్దీ చీపురుతో రాల్చేసి ఉంటుందనుకున్నాను. నా పరిశోధన గడువు యూనివర్సిటీవాళ్లు ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించం అన్నారు. ఆ చివరి నెలల్లో పలకల్ని ల్యాబుకు తీసుకెళ్లాను.

మొదట నా మిశ్రమంతో పోసినదాన్ని పగలగొట్టాం. చువ్వ కొట్టు నుంచి తెచ్చిన రోజులాగే ఉంది. పగిలిన ముఖం మీద మందు చల్లాం. ఉప్పు చేరిన మేర అది తెల్లబడుతుంది, చేరనిచోట గోధుమరంగుకు తిరుగుతుంది. ఎక్కడా తెలుపు లేదు. నేను గాల్లో తేలిపోయాను. మామూలుగా నవ్వని సారు నవ్వి, "ఇంట గెలిచావమ్మా, ఇక రచ్చ గెలువు" అన్నాడు. నేను అక్కడి నుంచే నాయినకు ఫోన్ చేసి చెప్పాను. ఆయనకు నెత్తిన పాలు పోసినట్టయింది.

తర్వాత మామూలు పలకను పగలగొట్టాం. దాని చువ్వ కూడా తళతళలాడుతూ ఉంది. ఇంకొకటి పగలగొట్టాం. అదీ అంతే. మందు చల్లితే అన్నీ గోధుమరంగే. మామూలు కాంక్రీటు అంత బాగుండడానికి వీల్లేదు. అది ఓడితేనే నాది గెలిచినట్టు. రెండూ బాగుంటే నేను ఇన్నేళ్లు చేసింది ఏమీ లేదు.

సారు సుత్తి కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. "ఇవి ఏ నీళ్లు తాగాయమ్మా?" అన్నాడు, చాలా మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. దారంతా ఒకటే ఆశ: ఏదో కారణం ఉంటుంది, ఇంకేదో లెక్క తప్పి ఉంటుంది. ఎప్పుడూ కనిపించని ఆ ఉప్పు పూత గుర్తొచ్చి, దిగేసరికి ఆ ఆశ కూడా పోయింది. అమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే అడిగాను.

"అమ్మా, పలకలకు ఏం నీళ్లు వోసినవే?"

"మంచినీళ్లే బిడ్డా. నల్లా నీళ్లు. ఒక్క దినం గూడ తప్పలే."

"బోరు నీళ్లు వొయ్యమని చెప్పిన గద. రెండుసార్లు చెప్పిన."

"చెప్పినవ్." ఆమె చేతిలో గింజ ఇటు తిప్పి అటు తిప్పింది. "నల్లా రాకముందు కొన్ని దినాలు గవే వోసిన. వోస్తుంటె చెయ్యి రాకపోయె. గా నీళ్లల్ల ఉప్పే సలాకలను తిన్నదని నువ్వే చెప్తివి. గా బోరు నీళ్లు మోసి మోసి మన స్లాబును నేనే సంపుకున్న. అది కూలీనాలీ జేసి కట్టిన ఇల్లు, పోతె పోనీ అనుకున్న. ఇది నీ సదువాయె. నీ రాళ్లను గూడ నా చేతుల్తోనే సంపాల్నా? చిన్నపిల్ల, సారు ఏదో చెప్తె తలూపి వచ్చింది, దీనికేం ఎరుక అనుకున్న. నల్లా వచ్చిన కాడికెల్లి తియ్యటి నీళ్లే వోసిన."

నాకు కోపం కట్టలు తెంచుకుంది. "అవి సావాలనే వొయ్యమన్ననే" అని అరిచాను. "గా నీళ్లకు మామూలుయి సచ్చి, నావి బతకాలె. అప్పుడే నా కాంక్రీటు గట్టిదని లోకం నమ్మేది. ఇప్పుడు నా చేతిల ఏమున్నది? గడువు అయిపోయింది. మళ్ల మొదలుపెట్టనీకి ఇంక టైం ఇయ్యరు. అంతా పోయింది."

ఆమె నా వైపు చూడలేదు. "గట్లనా" అంది. "నువ్వు గట్ల ఇడమర్చి చెప్పకపోతివి బిడ్డా" అంది. గింజలు తీయడం మానేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నేను ఇంటి వెనక్కి వెళ్లిపోయాను. గొర్ల దొడ్డి దగ్గర కూలబడి ఏడ్చాను. నాకు ఇక ఏ దారీ కనిపించలేదు. నాయిన అప్పుడే గొర్లను తోలుకుని వచ్చాడు. సంగతి అడిగాడు, చెప్పాను. అమ్మ బుర్ర లేని పని చేసిందన్నాను. ఇంకా ఏవో మాటలన్నాను. ఆయన గొర్లన్నిటినీ లోపలికి తోలాడు. తడిక వేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నీకు చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నది" అన్నాడు. "మనకు వచ్చేది రెండు బిందెలు. ఒక బిందె నీ రాళ్లకు. ఒక బిందె నాకు."

నేను ఆయన ముఖం చూశాను.

"మరి అమ్మకు?"

"ఆమెకేది? బోరు నీళ్లే తాగింది. వద్దని నేను తిట్టిన, బతిమిలాడిన. నా బిందెల నుంచి చెంబు ముంచిస్తె మళ్ల అండ్లనే వోసేది. పెండ్లైన సంది నాకు అలవాటైన నీళ్లే, నాకేం గాదు, బిడ్డ సదువు నిలవడాలె అన్నది."

డాక్టరమ్మ గుక్కెడు కూడా వద్దంది. ఆ మాట నేనే అమ్మకు విడమరిచి చెప్పాను. అది మాత్రం విడమరిచి చెప్పాను. ఆ రోజు దవాఖాన మెట్లు దిగుతూ, "ఇగ నుంచి నల్లా నీళ్లే తాగాలె" అంటే, "సరే బిడ్డా" అంది. పలకల గురించి చెప్పినప్పుడు ఊపినట్టే తల ఊపింది. రెండు మాటలూ వినలేదు. అక్కడే కూర్చుని ఇంకొంచెం సేపు ఏడ్చాను, ఈసారి పలకల కోసం కాదు.

లోపలికి వెళ్లేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె నెత్తి మీద కప్పు అలాగే ఉంది, పెచ్చులు రాలిన చోట్ల చువ్వలు కనిపిస్తూ. ఆ ఇంటికి కొత్త కప్పు ఎలా వేయాలో నాకు తెలుసు. తెలుసునని నిరూపించగలిగినది ఏదీ నా దగ్గర లేదు. వెళ్లి ఆమె వెనక నిలబడ్డాను.

అడుగుల చప్పుడు విని, వెనక్కి చూడకుండానే అడిగింది. "బిడ్డా, సదువు సంగతి ఎట్లనో నాకు తెల్వదు. నీ రాళ్లన్న మంచిగున్నయా?"

"మంచిగున్నయే అమ్మా. ఒక్కటి గూడ చెడిపోలే. లోపలి సలాకలు కొత్తవాటి లెక్కనే ఉన్నయి."

"నిజంగనా?"

"నిజంగనే."

ఆమె ముఖం చూడాలని ఉంది, కానీ ముందుకు వెళ్లే ధైర్యం లేకపోయింది. ఆమే నా వైపు తిరగబోయింది. మెడ తిరగలేదు. నేల మీద రెండు చేతులూ ఆనించి, మెల్లగా ఒళ్లంతా తిప్పుకుని నన్ను చూసి, స్లాబు పడిన రోజు నవ్వినట్టు నవ్వింది.