గుంటమట్టితో పన్నెండు సెకన్లు

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ ఉండగా మా చిన్నమామ ఫోనుకు ఒక వీడియో పంపాడు. మట్టిబొమ్మ ముసలాయన ఒకడు చేతిలో టీ గ్లాసుతో వీధిలో నడుచుకుంటూ పోతున్నాడు. బుగ్గల మీద, పంచె మీద, చివరికి ఆ గ్లాసు మీద కూడా వేలిముద్రలు ఉన్నాయి, ఎవరో రోజుల తరబడి కూర్చుని మట్టిని ఒత్తినట్టు. నేను ఈ బొమ్మల పనితోనే బతుకుతున్నదాన్ని కాబట్టి రెండోసారి చూడగానే తెలిసిపోయింది. కంప్యూటరుకు నాలుగు మాటలు చెబితే అది తయారు చేసిచ్చిన బొమ్మ అది. మట్టి లేదు, బల్ల లేదు, చెయ్యి లేదు. లేని చేతికి వేలిముద్రలు మాత్రం శ్రద్ధగా పెట్టారు. ప్లేటు పక్కకు నెట్టేశాను. వీడియో వెనకాలే మామ గొంతు వచ్చింది: “చూసినావా అమ్మణ్ణీ, అచ్చం నువ్వు కాలేజీలో చేసిన బొమ్మ మాదిరే ఉండాది. దీనికి కంపు కూడా లేదంట.”

కంపు సంగతి మామకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. దాన్ని నా చదువులోకి మోసుకొచ్చింది ఆయనే. మామ అంటే మా అమ్మ తమ్ముడు. మా నాన్నవాళ్లది లోపలి పల్లె, వరి పండించే ఇల్లు. మామ మాత్రం బోగోలు పక్కన ఉప్పుకాలువ ఒడ్డున రొయ్యల గుంటలు వేసుకుని అక్కడే కాపురం పెట్టాడు. నేను పుట్టుకతోనే రోత ఎక్కువైన మనిషిని. పాల మీద మీగడ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, ఒకరు తుడుచుకున్న తువ్వాలు ఇంకొకరు ముట్టుకోవడం చూడలేను. అటువంటి నన్ను వేసవి సెలవుల్లో ప్రతి ఏడాదీ మామ ఇంటికి పంపేవాళ్లు. రొయ్యలు పట్టి నీళ్లు తీసేశాక గుంట అడుగున నల్లటి బురద మిగులుతుంది. తినకుండా వదిలేసిన మేత, రొయ్యల పెంట, చచ్చినవీ కుళ్లినవీ అన్నీ కలిసి దిగిన బురద అది. కాలు పెడితే మోకాలి దాకా లాగుతుంది, తీస్తే మురిగిన కోడిగుడ్ల కంపు. మామ అందులో హాయిగా దిగి తిరిగేవాడు, ఆ కాళ్లతోనే వచ్చి వరండాలో కూర్చుని టీవీలో పిల్లల కార్టూన్లు పెట్టుకుని పగలబడి నవ్వేవాడు. అత్త తిట్టేది. నేను గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని.

ఇంటర్ అయ్యాక నేను యానిమేషన్ చదువుతానంటే మా ఇంట్లో ఒప్పుకున్నవాడు లేడు. నాన్న డిగ్రీ, బీఈడీ, టీచరు ఉద్యోగం అని వరసగా చెప్పేశాడు. మామే మధ్యలో దూరాడు. కార్టూన్లు చేసేవాళ్లు కూడా మనుషులే అని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది, ఆ పని మనింటి పిల్ల చేస్తుందంటే ఒకటే సంబరం. హైవే పక్కన, నాయుడుపేట దాటాక, పొలాలు చదును చేసి కట్టిన ప్రైవేటు యూనివర్సిటీ ఒకటి ఉంది. అక్కడ నేరుగా యానిమేషన్‌లోకి తీసుకోరు. మొదటి ఏడాది ఫౌండేషన్ ఇయర్ అని అందరూ కలిసి గీతలూ రంగులూ మట్టిపనీ నేర్చుకోవాలి. ఏడాది చివర చేసిన పని చూపిస్తే, దాన్నిబట్టి ఎవరు ఏ శాఖకు పోవాలో వాళ్లే తేలుస్తారు. యానిమేషన్‌కు ఉన్నవి కొన్ని సీట్లే. నాన్న షరతు ఒక్కటే. ఆ సీటు వస్తే చదువు, రాకపోతే మరుసటి రోజే పెట్టె సర్దుకుని వచ్చి నెల్లూరులో డిగ్రీలో చేరు. నేను సరేనన్నాను.

ఆ ఏడాదిని తలుచుకుని మురిసిపోయేవాళ్లు నా తోటివాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ముక్కులు లేవని నా అనుమానం. బొగ్గుతో గీయించేవాళ్లు. సాయంత్రానికి చీదితే నల్లగా వచ్చేది, దిండు గలీబు మీద నల్లటి మరకలు. ఎండిన చేపలు తెచ్చి బల్ల మీద పరిచి, వాటిని వారం పాటు అక్కడే ఉంచి గీయమనేవాళ్లు. శుక్రవారానికి వాటి కళ్లలో ఏవో కదిలేవి. కదలికను గమనించండి అని మాస్టారు ఆ రోజే ఎందుకన్నాడో తెలియదు. హాస్టలు సాంబారు గురించి నేను రాయను. రాస్తే మళ్లీ తినాల్సి వచ్చినట్టే ఉంటుంది. వీటన్నిటికంటే రోత పుట్టించింది మట్టి గది. అక్కడ ఆరిపోని నూనెమట్టి పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఉండేది. ఏటేటా పిల్లలు బొమ్మలు చెయ్యడం, అవి చితక్కొట్టి మళ్లీ టబ్బులో వెయ్యడం. ఎర్రవీ పచ్చవీ నీలివీ అన్ని రంగులూ కలిసి పాతగోనె రంగుకు తిరిగింది. పిసికితే లోపల్నుంచి జుట్టు వచ్చేది. ఒకసారి బిస్కట్టు ముక్క, ఒకసారి ఎవరిదో గోరు. గోరు దొరికిన రోజు నేను బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

ఆ రాత్రి ఎప్పటిలా మామ ఫోన్ చేశాడు. ఏడాది చివరి పని ఏమిటో చెప్పాను. మట్టి మనిషి ఒకడు నడిచి వచ్చి, ఆగి, వెనక్కి తిరిగి చూడాలి. పన్నెండు సెకన్లు. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకో ఫొటో, అవన్నీ వరసగా వేస్తే నడిచినట్టు కనపడుతుంది. మట్టి ముట్టుకోలేకపోతున్నానని, అది మురికి మట్టి అని ఏడ్చాను. మామ అంతా విని, అంతేగదా అన్నాడు. నేను సముదాయిస్తున్నాడనుకున్నాను.

మూడో రోజు మట్టి గది గుమ్మంలో మామ ఉన్నాడు. భుజం మీద రొయ్యల మేత సంచీ, దాన్నుంచి కారిన నీళ్లతో చొక్కా వీపు నల్లబడి ఉంది. మురికి మట్టి ముట్టుకోలేనన్న మేనకోడలికి మంచి మట్టి ఇద్దామని ఆ మనిషి గుంట అడుగు బురద తీసి, చెత్త ఏరి, బస్సులో పెట్టుకుని వచ్చాడు. కండక్టరు సంచీతో సహా దింపేస్తానన్నాడట. సంచీ మూతి విప్పగానే గదిలో ఉన్నవాళ్లు కిటికీల వైపు పోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. మామకు ఇవేవీ పట్టలేదు. “ఇంట్రుక కూడా ఉండదు చూస్కో. మన గుంటదే, మన మట్టే,” అని గుప్పెడు తీసి బల్ల మీద వేసి బొటనవేలితో నొక్కి చూపించాడు. ఆ ఏడు మట్టి తేవడం ఆయనకు సులువే. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి పంట మొత్తం పోయింది, గుంటలన్నీ నీళ్లు తీసి వదిలేశాడు. ఆ మాట ఆయన చెప్పలేదు, తరవాత అత్త చెప్పింది.

నేను సంచీని ఏ మూలకో నెట్టేసి ఉండేదాన్ని. మా మట్టి మాస్టారు నెట్టనివ్వలేదు. ఆయన పట్నం నుంచి వచ్చిన మనిషి, ఏది చూసినా పరవశించిపోయే రకం. బురదలో వేలు పెట్టి వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. ఇది మీ నేల, మీ స్వరం, మీరు దీంతోనే చెయ్యాలి అని క్లాసులో అందరి ముందూ ప్రకటించేశాడు. మామ పొంగిపోయి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చెయ్యి ఎంతసేపు కడుక్కున్నాడో నేను చూశాను.

సరే, చేశాను. చేతులకు ఆస్పత్రి గ్లవుజులు, ముక్కుకు చున్నీ, చున్నీకి తలనొప్పి మందు పూసుకుని చేశాను. లోపల ఇనప తీగ, పైన గుంటమట్టి. నడక ఎవరిదని ఆలోచించాల్సిన పని లేదు. నాకు బాగా తెలిసిన నడక ఒకటే. వేసవి సెలవుల్లో ప్రతి సాయంత్రం మామ గుంట కట్ట మీద నడుస్తుంటే వెనక నుంచి చూసేదాన్ని. చేతులు వెనక్కి కట్టుకుని, కుడి పాదం కాస్త బయటికి వేసి, ప్రతి అడుగుకూ ఒక భుజం కిందికి దిగేది. ఆ నడకే బొమ్మకు పెట్టాను. ఫొటోలు తీయడానికి పెద్ద దీపాలు వెయ్యాలి. ఆ వేడికి బురద కంపు రెట్టింపయ్యేది. పక్క బల్లలవాళ్లు ఒక్కొక్కరే తమ బొమ్మలు ఎత్తుకుని వేరే గదికి పోయారు, పోతూ నన్ను చూసిన చూపులు నాకు గుర్తే. కంపు కొడుతున్నది మట్టి కాదు, నేనే అన్నట్టు చూశారు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. రెండో రోజు పొద్దున వచ్చి చూస్తే బొమ్మ చెవుల అంచున, ముక్కు కొసన తెల్లగా ఏదో పేరుకుని ఉంది. ఉప్పు. ఎన్నేళ్ల ఉప్పునీళ్లు తాగిన మట్టి, ఆరేకొద్దీ లోపలి ఉప్పంతా పైకి తేలుతోంది. తడిగుడ్డతో తుడిచాను. మరునాటికి వేళ్ల మీద, నెత్తి మీద వచ్చింది. తుడిచాను. ఇంకా ఎక్కువైంది. ఫొటోకూ ఫొటోకూ మధ్య బొమ్మ రంగు మారకూడదన్నది మాకు చెప్పిన మొదటి పాఠం. మారితే మార్కులు పోతాయి, సీటు పోతుంది, నేను నెల్లూరు పోతాను. చివరి రెండు రోజులు ఇక తుడవడం మానేశాను. నాకు ఆ బొమ్మ మీద, ఆ మట్టి మీద, దాన్ని మోసుకొచ్చిన మామ మీద పట్టలేనంత అసహ్యం వేసింది. అందరినీ ఉద్ధరించడానికి ఈయన్ని ఎవరు రమ్మన్నారని హాస్టలు బాత్రూములో ఏడ్చాను.

చూపించే రోజున తల్లిదండ్రులను రమ్మన్నారు. నాన్న రాలేదు, మామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిఠాయి పొట్లం ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ముందు వరసలో సీట్లు తేల్చడానికి బయటి నుంచి వచ్చిన పెద్దలు ముగ్గురు. దీపాలార్పారు. తెర మీద నల్లటి మనిషి ఒకడు కట్ట మీద నడిచి వస్తున్నాడు. నడుస్తుండగానే చెవులు తెల్లబడ్డాయి, వేళ్లు తెల్లబడ్డాయి, నెత్తి తెల్లబడింది. ఆగి వెనక్కి తిరిగి చూసేసరికి మొత్తం తెల్లగా ఉన్నాడు. అయిపోయింది.

పెద్దలు అందుకున్నారు. ఆ తెలుపు భూమి చావట. రొయ్యల గుంటలు నేలను ఎట్లా విషం చేశాయో ఈ అమ్మాయి ఒక్క మాట లేకుండా చెప్పిందట. దురాశ అన్నారు, నేరం అన్నారు. ఆ దురాశా నేరమూ మిఠాయి పొట్లంతో వెనక కూర్చుని, ఆ మాటలు కొంత అర్థమై కొంత అర్థంకాక నా వైపు చూస్తున్నాయి. మీ ఉద్దేశం ఇదేగదా అని అడిగారు. తలూపితే చాలు, సీటు వచ్చేస్తుందని నాకు స్పష్టంగా కనపడింది. మెచ్చుకుంటుంటే రోత పుట్టడం నాకు అదే మొదటిసారి. ఏడాదంతా వాసన చూసిన బొగ్గూ చేపలూ సాంబారూ గోరూ అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది.

“కాదు సార్, అది ఉప్పు. తుడిచే కొద్దీ వచ్చేసింది. నాకు ఆపడం చేతకాలేదు,” అన్నాను.

మాస్టారు తల వంచుకున్నాడు. నా పెట్టె సర్దుకోవడం ఎంతసేపని నేను లెక్క వేసుకుంటున్నాను. అప్పుడు వెనక నుంచి మామ లేచి, ఇంకొక్కసారి ఎయ్యండి సార్ అన్నాడు. వేశారు. చివరిదాకా నిలబడే చూశాడు. మిఠాయి పొట్లం కుర్చీలో పెట్టి, మళ్లీ ఎయ్యమన్నాడు. మూడోసారి అయ్యాక పెద్దల వైపు తిరిగాడు.

“అది మా నాయన గదా. ఈ పాప ఆయన్ని చూసిందే లేదు, ఎట్ట చేసినాది?”

అమ్మ వాళ్ల నాన్న, అమ్మకు పదేళ్లు రాకముందే పోయాడు. మామ ఇంకా చిన్నవాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒకటి కూడా లేదు. మామకు గుర్తున్నది ఆ నడక ఒక్కటే. ఆ నడక తనదేనని ఆయనకు తెలియదు, ఎవరూ తమ నడకను వెనక నుంచి చూసుకోరు కదా. నేను చెప్పబోయి ఊరుకున్నాను. పెద్దలు ముగ్గురూ ఏదో గుసగుసలాడుకుని కాగితం మీద రాశారు. నడక బాగుంది, ఆలోచన లేదు అని. సీటు వచ్చింది. చివరి సీటు అనుకుంటాను. మామ మిఠాయి పంచాడు, పెద్దలకు కూడా, ఆ చేత్తోనే.

ఇది జరిగి పదిహేనేళ్లు దాటింది. ఆ బొమ్మ హాస్టలు బీరువాలోనే పొడి అయి రాలిపోయింది, నేనే ఊడ్చి పారేశాను. దాని వీపు మీద ఉన్న వేలిముద్ర ఒక్కటే. మామ బల్ల మీద నొక్కిన ముద్దనే అతికించేశాను, గ్లవుజుల చేత్తో చెరపడానికి కూడా ముట్టుకోబుద్ధి కాలేదు. ఫిల్ములో ఇప్పటికీ కనపడుతుంది.

ఆదివారం ఆ వీడియో చెరిపేసి, అది బొమ్మ కాదు, చెత్త అని మామకు ఫోన్ చేసి చెప్పాను. ఎందుకమ్మణ్ణీ అంత కోపం అని నవ్వాడు. పోయిన నెల వాళ్లింటికి వెళ్లినప్పుడు సాయంత్రం ఆయన కట్ట మీద నడుస్తుంటే నేను వెనకాలే నడిచాను. నీళ్లు తీసేసిన గుంట, అదే కంపు, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ముందు ఆయన, చేతులు వెనక్కి కట్టుకుని, కుడి పాదం బయటికి వేసి. చెవుల మీద జుట్టు తెల్లగా, నెత్తి తెల్లగా. వస్తున్నానో లేదో అని ఆగి వెనక్కి తిరిగి చూశాడు. ఆ బొమ్మ మీది ఉప్పు ఎప్పుడూ నేను దీపాలార్పి వెళ్లిపోయాకే పైకి తేలేది, ఎదురుగా కూర్చున్నప్పుడు ఒక్కసారీ రాలేదు. పొద్దున్నే వచ్చి చూస్తే మాత్రం, కాలం అప్పటికే తన వంతు ఫొటో తీసుకుని పోయి ఉండేది.