గోపమ్మను దించే తాలీము

హాలియాలో లింగస్వామి సేటు టాకీసుకు పైన ఆడవాళ్ల బాల్కనీ ఉండేది. దాని గేటు హుస్సేన్ బీది. ఎనభైల్లో ఆ గేటు దగ్గర ఆమె మాటే మాట. టికెట్ లేదని సేటు పెళ్లాన్నే వెనక్కి పంపిందని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమె ప్రాణస్నేహితురాలు గొర్లకాపరుల ఇంటి గోపమ్మ. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. అయినా టాకీసులో బొమ్మ మారిందంటే చాలు, ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ చేతుల బలంతో పైకి ఎక్కేది. పాట వస్తే పక్కనున్న హుస్సేన్ బీ తొడ మీద తాళం వేసేది.

ఒక ఏడు లైసెన్సు కోసం ఫైరాఫీసరు వస్తున్నాడనగానే సేటుకు చెమటలు పట్టాయి.

"గోపమ్మను ఇగ మీదికి రానియ్యకు బీబమ్మా. అగ్గంటుకుంటే ఎవలు దించుతరు?"

హుస్సేన్ బీకి ఒళ్లు మండింది. కింద మగవాళ్ల మధ్య గోపమ్మ కూర్చోదు. బాల్కనీ లేదంటే ఆమెకు సినిమానే లేదు.

"మనోళ్లే దించుతరు సేటూ. నేను నేర్పుత," అంది.

మర్నాడే టార్చిలైటు బీరన్నను, పోస్టర్లంటించే ఐలేశాన్ని, సోడాల ఎల్లయ్యను పోగేసింది. చేతులున్న కుర్చీలో గోపమ్మను కూర్చోబెట్టి, నడుముకు చెద్దరు కట్టింది. అడుగులు కలవాలని ఐలేశం నోటికొచ్చిన కేక వేశాడు. "ఆసోయ్ దూలా."

ఇంకేముంది. ముగ్గురూ ఏటేటా పీర్ల పండుగకు పీరీలెత్తుకుని, ఆ కేక వేస్తూ నిప్పులగుండం చుట్టూ ఎగిరేవాళ్లే. ఆ కేక చెవిన పడితే వాళ్ల కాళ్లు వాళ్ల మాట వినవు. కుర్చీ ఊగింది, మెట్ల మలుపులో గిర్రున ఒక చుట్టు తిరిగింది. గోపమ్మ పగలబడి నవ్వింది. హుస్సేన్ బీ మాత్రం ఉరికొచ్చి కుర్చీని పట్టి ఆపింది.

"పీరీనంటే నిప్పులగుండం కాడికి తీసుకపోతరు. గోపమ్మను గుండం కెల్లి దూరం తీసుకపోవాలె గదరా. నోరు మూస్కొని నడువుండ్రి."

ఆ పూట నుంచి కేక బంద్. గోపమ్మ "పోనియ్" అంటేనే కదలాలి, "ఆగు" అంటే ఆగాలి. ఎక్కడ జారుతుందో కూర్చున్నదానికే తెలుస్తుందని హుస్సేన్ బీ పట్టుబట్టింది. రోజూ తాలీము చేయించింది. తప్పితే తిట్టింది, కుదిరితే చాయ తాగించింది.

ఆఫీసరు మ్యాట్నీ మధ్యలో వచ్చి, అగ్గంటుకున్నట్టు గంట కొట్టించి అందర్నీ బయటికి రమ్మన్నాడు. ఆడవాళ్లంతా దిగాక పైనుంచి "పోనియ్" అని గోపమ్మ గొంతు వినిపించింది. నిండుబిందెను దించినట్టు కుర్చీ నిదానంగా దిగింది. ఆఫీసరు తలూపి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. సంతోషం పట్టలేక హుస్సేన్ బీ కొంగుతో కళ్లొత్తుకుంది.

గోపమ్మ మాత్రం కుర్చీ దిగలేదు.

"దించుడు మంచిగనే నేర్పినవ్ బీబక్కా. మరి ఎక్కిచ్చుడు? బొమ్మ సగమే అయింది."

ముగ్గురికీ దించడమే వచ్చు. ఎక్కించడం ఎవరూ నేర్పలేదు. ఇన్నాళ్లూ ఆమె చేతులతోనే ఎక్కింది, వాళ్లు చూస్తూనే ఉన్నారు. హుస్సేన్ బీ సేటు వైపు చూసింది. సేటు చొక్కా చేతులు మడిచి, కుర్చీ నాలుగో మూల పట్టుకున్నాడు.

ఇప్పుడు ఊగితే ఊగనీ అనుకుని, హుస్సేన్ బీ ముందు నడుస్తూ తనే గొంతెత్తింది.

"ఆసోయ్ దూలా."