వేణుమాధవ్ బయాస్

వేణుమాధవ్ ఇంట్లో పాట వినాలంటే చెవులుంటే చాలదు, ఓపిక కావాలి. ముందు ఆంప్లిఫయర్ వేడెక్కాలి. తర్వాత ఆయన మూత విప్పి, మల్టీమీటర్ ఆనించి, బుల్లి స్క్రూడ్రైవర్‌తో బయాస్ సరిచేయాలి. బయాస్ అంటే పాట లేనప్పుడూ లోపల పారుతుండాల్సిన కాసింత కరెంటు. తగ్గితే పాట గరగర, పెరిగితే పెట్టె కుంపటి.

ఈ సంగతి అమెరికాలో, రెడ్‌మండ్ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ అనుభవమే. గృహప్రవేశంనాడు "పంతులుగారూ, ముహూర్తం ఓ ఇరవై నిమిషాలు జరపండి, సన్నాయి సీడీకి బయాస్ కుదర్లేదు" అన్న మహానుభావుడాయన. కూతురు నీహారిక పుట్టినరోజుకైతే కొవ్వొత్తులు కేకులో కలిసిపోయాయి.

"డాడీ, కేక్ మెల్ట్ అవుతుంది!"

"వన్ మినిట్ తల్లీ, రైట్ ఛానల్ ఒక్కటే మిగిలింది!"

"బయాస్ అంటే పక్షపాతమని మా ఇంగ్లీషు మాస్టారు చెప్పారు. మీకున్నదంతా ఆ డబ్బా మీదే" అని భార్య గౌరి దెప్పేది.

2010 వేసవిలో పక్కింటి జయంతి కాన్పుకి తోడుగా వాళ్ల నాన్న కోటయ్య చీరాల నుంచి వచ్చాడు. జయంతికి తల్లి లేదు. నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన ఆయనకి ఇక్కడ పాడైనవన్నీ చెత్తబుట్టలో వేయడం చూసి మతిపోయింది. మూడు వారాలకే "టికెట్ మార్చమ్మా, నా చేతులకి పనేముందిక్కడ?" అని పట్టుబట్టాడు. జయంతి గౌరి దగ్గర ఏడ్చేసింది.

ఆ శనివారమే వేణుమాధవ్ వాళ్ల గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబాయ్‌గారూ, బయాస్ నిలవట్లేదు. ఒక్కసారి మీ చెయ్యి పడాలి."

కోటయ్య వచ్చి అరగంటలో సరిచేసి, ఉప్మా తిని వెళ్లాడు. మరుసటి శనివారం మళ్లీ తప్పింది. ఆపై శనివారమూ అంతే. టికెట్ మాట వెనకపడింది.

ఓ శుక్రవారం సాయంత్రం గౌరి కాఫీ పట్టుకెళ్లేసరికి మొగుడు మల్టీమీటరైనా లేకుండా స్క్రూ తిప్పుతున్నాడు.

"అదేంటి! నిన్నే కదా అద్భుతంగా ఉందన్నారు?"

"ఉంటే రేపు ఆయనెందుకొస్తాడే? తగ్గిస్తున్నాలే, తగ్గితే కాలిపోదు."

ఇన్నేళ్లూ తిట్టిపోసిన ఆ స్క్రూడ్రైవర్ గౌరికి మొదటిసారి ముద్దొచ్చింది.

"రెండు ఛానళ్లూ తిప్పండి. రేపు పెసరట్లు వేస్తా, కాస్త ఎక్కువసేపు ఉంటారు" అంది.

ఆగస్టులో జయంతికి ఆడపిల్ల పుట్టింది. పిల్లకి మూడోనెల వచ్చాక, ఊరెళ్లేముందు కోటయ్య ఆఖరిసారి బయాస్ సరిచేసి మూత బిగించాడు.

"బాబూ, శుక్రవారాలు తిప్పేటప్పుడు నిదానంగా తిప్పు. స్క్రూ తల అరిగిపోతోంది."

వేణుమాధవ్ నోరు తెరిచాడు.

"మీకు తెలుసా?"

"రెండో వారమే తెలిసింది. ఉప్మా నుంచి పెసరట్టుకి ఎప్పుడెక్కుతారా అని ఊరుకున్నా" అన్నాడు కోటయ్య, చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంటూ.